తాడు కట్టినప్పుడు లోపల ఉన్నవాళ్లు

నైట్ హాల్ట్ డ్యూటీ పడిందంటే ముఖం మాడ్చుకునే కొత్త కండక్టర్లను చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకప్పుడు నేనూ అలాగే మాడ్చుకున్నాను. సాయంత్రం డిపోలో బయలుదేరి, దారి ఎక్కడ అయిపోతుందో ఆ ఊళ్లో బస్సు ఆపి, రాత్రికి అక్కడే పడుకుని, తెల్లవారగానే మొదటి ట్రిప్పుగా తిరిగి రావడం. దోమలు, చన్నీళ్ల స్నానం, ఎవరో ఒకరిని అడిగి పెట్టించుకునే అన్నం. తిట్టుకోండి పిల్లల్లారా, తప్పులేదు. కాకపోతే రెండు రాత్రులకని వెళ్లి ఎండలు ముదిరేదాకా ఉండిపోయినవాణ్ని ఒకణ్ని మీకు తెలుసు. వాడు చెప్పేది కూడా కాస్త విని, ఆ తర్వాత తిట్టుకోండి.

మా సర్వీసు భద్రాచలంలో బయలుదేరి, చర్ల దాటి, అడవిలోకి తిరిగి, ఒక వాగు దాటి, సరిహద్దుకు ఇవతల ఆఖరి ఊళ్లో ఆగేది. వాగు అవతలి ఒడ్డే ఆ ఊరి పొలిమేర. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. రాయొచ్చా అని వాళ్లను అడగలేదు, అడగకుండా రాయడం నాకు ఇష్టం లేదు.

నాతో డ్యూటీ చేసే డ్రైవరు ఖమ్మంవాడు. తాతల కాలం నుంచి పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం. ఊరందరికీ మెత్తటి పరుపులు కుట్టిపెట్టిన వంశంలో పుట్టి, బస్సు సీటు మీద ముడుచుకుని పడుకునే ఉద్యోగం సంపాదించానని తనమీద తనే జోకులు వేసుకునేవాడు. నాకన్నా పెద్దవాడు. నేను భాయ్ అంటే ఆయన తమ్మీ అనేవాడు. ఇక మాటంటారా, ఆగేది కాదు. ఎక్కే ప్రతి మనిషినీ పలకరించాలి, దిగే ప్రతి మనిషికీ ఒక సలహా చెప్పాలి. నోరు మూస్తే ఇంజను ఆగిపోతుందని ఈయనకు ఎవరో చెప్పి ఉంటారని నేను ఆటపట్టించేవాణ్ని.

కరోనా మొదలైన ఏడు, మార్చిలో ఒక శనివారం సాయంత్రం ఎప్పటిలాగే వెళ్లాం. మర్నాడు ఆదివారం దేశమంతా ఇళ్లలోంచి బయటికి రాకూడదన్నారు, అందుకని ఆ ఒక్కరోజూ బస్సును అక్కడే ఉంచి సోమవారం పొద్దున తెమ్మని డిపోలో ముందే చెప్పారు. ఒక రోజు ఆయాసం తీరుతుందని సంబరపడ్డాం. ఆదివారమంతా బడి వరండాలో పడుకున్నాం. సాయంత్రం పట్నాల్లో జనం వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టారని తర్వాత విన్నాను. ఈ ఊళ్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మగవాళ్లంతా అడవిలోకి వెళ్లి నార తెచ్చి, ఊరి పెద్ద ఇంటిముందు కూర్చుని తాడు పేనారు. ఏదో పండుగ కాబోలనుకుని మేం కూడా కాసేపు కూర్చుని, నాలుగు కబుర్లు చెప్పి, తలా ఒక చివర పట్టుకుని సాయం చేశాం. మమ్మల్ని కట్టేసే తాడును మేమే పేనామన్నమాట.

సోమవారం తెల్లవారగానే బస్సు తీసి వాగు దాకా వస్తే దారికి అడ్డంగా ఆ తాడే ఉంది. ఇటు మద్దిచెట్టుకూ అటు తునికిచెట్టుకూ కట్టి, పొడవునా వేపమండలు గుచ్చి, మధ్యలో పసుపు గుడ్డ వేలాడదీశారు. దాని ముందు కాపలాగా ఊరి పెద్ద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఊళ్లో తగువు తీర్చేదీ, పండుగలకు పూజ చేసేదీ ఆయనే. ఎండిన చింతబరికెలా ఉంటాడు, మాట మాత్రం మెత్తన.

"ఏంది పెద్దయ్యా, గిట్ల కట్టిండ్రు?" అన్నాడు మా డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి.

"జబ్బు వస్తాందట గద భాయ్ సారూ. మా తాతలు మశూచప్పుడు గిట్లనే కట్టిండ్రట. బయటోళ్లు రావొద్దు, లోపటోళ్లు పోవద్దు. జబ్బు పోయినంక పూజ చేసి నేనే ఇప్పుత. గప్పటిదాక ఎవ్వలు ముట్టొద్దు."

"మంచిగ చేసిండ్రు. మరి మేం పోవాలె గద. మేం బయటోళ్లమే గద పెద్దయ్యా?"

పెద్దాయన తాడు వంకా మా వంకా చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయటివాళ్లు రాకూడదని ఇంత కట్టుదిట్టం చేసిన ఊళ్లో, తాడు పేనినవాళ్లలో ఇద్దరు బయటివాళ్లేనన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఏళ్ల తరబడి చూసి చూసి మేం వాళ్ల కళ్లకు ఊళ్లోవాళ్లలాగే కలిసిపోయాం. దొంగను లోపల పెట్టి తలుపేసుకున్నట్టు అయింది వాళ్ల పని. ముందు ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు. నవ్వని వాళ్లం మేమిద్దరమే.

పెద్దాయన లేచి, చేతులు దులుపుకుని, తీర్పు చెప్పాడు. "తాడు కట్టినప్పుడు లోపట ఉన్నోళ్లు మావోళ్లు. ఇగ అంతే. బండి వెనుకకు తిప్పు తమ్మి." అప్పటిదాకా మేం ఆయనకు సారులం. ఆ పూటనుంచి తమ్ములమయ్యాం.

డిపోకు ఈ ముక్క చెప్పడం నా వంతు. ఆ ఊళ్లో ఫోను సిగ్నల్ దొరికేది ఒకే చోట, బస్సు టాపు మీద. వెనక నిచ్చెన ఎక్కి, సామాను వేసే కటకటాల్లో నిలబడి, భద్రాచలం వైపు తిరిగి మాట్లాడాలి.

"ఏడున్నవయ్యా?" అన్నారు మా పెద్దసారు.

"బస్సు మీదున్న సార్."

"బయల్దేరినవన్న మాట."

"లేదు సార్. బస్సులో కాదు, బస్సు మీద. ఊరోళ్లు తాడు కట్టిండ్రు సార్, పోనిస్తలేరు."

"తాడేంది? తాడుకు బస్సు ఆగుతదా?"

బస్సు ఆగదు. కానీ ఆ తాడు తెంపి వెళితే మళ్లీ ఆ ఊళ్లో మాకు మంచినీళ్లు పుట్టవు, ముఖం చూపించే దారీ ఉండదు. అది ఆయనకు ఎలా చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను. ఈలోపల దేశం మొత్తం బందయింది. ఎక్కడి బస్సులు అక్కడే ఆగాయి. రెండోసారి ఫోను చేస్తే పెద్దసారు గొంతు దిగింది. "సరే, ఉన్న కాడనే ఉండుండ్రి. బస్సు పైలం" అన్నారు. ఫోను స్పీకరులో పెట్టానేమో, మా డ్రైవరు కింద నిలబడి అంతా వింటున్నాడు. "చూసినవా తమ్మీ, మనల్ని అడగలే, బస్సును అడిగిండు" అని పగలబడి నవ్వాడు.

అలా మొదలైంది మా కాపురం. ఇల్లు గుర్తొస్తే గుండె పిసికినట్టు ఉండేది, అది దాచను. నా భార్య బూర్గంపాడులో ఒక్కతే ఉంది. రోజూ టాపు ఎక్కి ఆమెతో మాట్లాడేవాణ్ని. నేను దిగేసరికి నిచ్చెన దగ్గర వరస ఉండేది. సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్లి చిక్కుకుపోయిన కొడుకులతో తల్లులు మాట్లాడాలి, హాస్టల్ నుంచి మేనమామ ఇంటికి చేరిన పిల్లలతో తండ్రులు మాట్లాడాలి. నా కండక్టరు బుద్ధి ఊరుకోదు కదా, టాపు ఎక్కేవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పంపేవాణ్ని. కొడుకుతో మాట్లాడి దిగే తల్లి ఏడుస్తుంటే మాత్రం రెండోసారి ఎక్కనిచ్చేవాణ్ని. అక్కడ నా రూలు నడవలేదు.

డ్రైవరుకు ఒకటే పని. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి కాసేపు అలా ఉంచేవాడు, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అది ఇప్పపువ్వు రాలే కాలం. ఆడవాళ్లు చీకటితోనే గంపలు పట్టుకుని చెట్ల కిందికి వెళ్లి, ఇంజను చప్పుడు వినపడగానే తిరుగుముఖం పట్టేవారు. ఇళ్లలో అంబలి పొయ్యిమీదికి ఎక్కేది కూడా ఆ చప్పుడుకే. ఎక్కడికీ వెళ్లని బస్సు అంత కచ్చితంగా టైము పాటించడం డిపోలో ఉన్నప్పుడు మేం ఎరగం.

అందరం ఒక్కలాగే భయపడ్డామని అనుకోకండి. ముసలివాళ్లు తాడు కట్టాక నిశ్చింతగా ఉన్నారు. భయమంతా ఫోను చూసేవాళ్లది. వాళ్లలో ట్రాక్టరు నడిపే యువకుడు ఒకడు. మిర్చి కల్లాలకు కిరాయికి ట్రాక్టరు తోలేవాడు. పని ఆగిపోయింది, చేతిలో ఫోను, ఎక్కడానికి మా బస్సు టాపు. ఎక్కడెక్కడి వీడియోలూ దింపుకుని చూసి, కిందికి దిగి వార్తలు చదివేవాడు. ఒక సాయంత్రం అందరం కూర్చుని ఉన్నాం. అతను నిచ్చెన దిగి తిన్నగా మా డ్రైవరు దగ్గరికి వచ్చాడు.

"భాయ్ సారూ, గీ జబ్బును మీవోళ్లే మోసుకొస్తున్నరట గద? ఫోన్ల చూపిస్తున్నరు."

పగతో అనలేదు. వర్షం వస్తుందట కదా అన్నంత మామూలుగా అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మా డ్రైవరు నవ్వాడు. "నేను మోసుకొచ్చింది మీ అక్క పెండ్లి సామాను బేటా. మంచం కాళ్లు టాపు మీద కట్టింది ఎవలనుకున్నవ్?" అన్నాడు. చుట్టూ నవ్వులు. మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ పూట ఆయన తన పళ్లెం తీసుకుని దూరంగా వెళ్లి తిన్నాడు. మర్నాడూ అంతే. అడిగితే, "దూరం దూరం ఉండాలని గవర్నమెంటే చెప్పింది గదా తమ్మీ" అన్నాడు. మాటలు కూడా తగ్గాయి. ఇంటిమీద బెంగ అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున వాగులో స్నానం చేసి వస్తుంటే, ఇప్పపువ్వు గంపలతో ఆడవాళ్లు చెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. సూర్యుడు పైకొచ్చేశాడు. "బస్సు మోగలేదేంది సారూ?" అంది ఒకామె. అప్పుడు తెలిసింది నాకు, పొద్దుటి నుంచి ఏదో వెలితిగా ఉన్నదెందుకో. బస్సు దగ్గరికి పరుగెత్తాను.

స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. తాళంచెవి చేతిలోనే ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. రెండు మూడు రోజులుగా జ్వరమట. పక్కనే ఉన్న నాకు కూడా చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు భాయ్?"

"చెప్తే ఏమంటరో తెల్వదా తమ్మీ? జరమంటే కరోనా అంటరు. నా జరమైతే ఇంకోటి కూడా అంటరు." కాస్త ఆగి, "ఈ వయసుల తాడు బయటికి నెట్టించుకునుడు ఎందుకని..." అన్నాడు.

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఊరి పెళ్లిళ్లకూ పురుళ్లకూ బస్సు తోలిన మనిషి, ఆ ఊళ్లోనే తన జ్వరాన్ని దొంగసొమ్ములా దాచుకున్నాడు. ఆ వీడియో తీసినవాడెవడో, ఏ ఏసీ గదిలో కూర్చున్నాడో, వాడు ఆ క్షణంలో చేతికి దొరికితే నమిలేసేవాణ్ని.

ఇంజను మోగకపోవడంతో ఊరంతా వచ్చేసింది. వచ్చి, ఆయన వణుకు చూసి, బస్సుకు అల్లంత దూరంలో ఆగిపోయింది. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఎవరో అన్నారు, "తాడు బయట పెడితే మంచిది." ఎవరూ కాదనలేదు. బయట పెడితే ఎక్కడికి పోతాడు? పక్క ఊరివాళ్లు కూడా దారి మూసేశారు. వాగు ఒడ్డున ఎండలో పడి ఉండాలి. నా ప్రాణం పెద్దాయన నోటి మీదే ఉంది.

ఆయన అందరికన్నా ముందుకొచ్చి బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. అడ్డంగా కూర్చున్నాడు.

"ఫోన్ల చెప్పేటోడు తాడుకు బయట ఉన్నడు. భాయ్ తాడుకు లోపట ఉన్నడు. ఎవని మాట వినాలె మనం?" అన్నాడు. ట్రాక్టరు యువకుడు తల దించుకున్నాడు. "ఆశమ్మను పిలువుండ్రి."

ఆశమ్మ అంటే ఆ ఊరి ఆశా కార్యకర్త. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని వచ్చింది. పెద్దాయనను పక్కకు జరగమని బస్సెక్కింది. ఆమెకూ భయమే, తువ్వాలు ఇంకోసారి బిగించుకుంది. కానీ జ్వరం ఏదైనా ముందు మలేరియా చూడమని ఆమెకు నేర్పారు. డ్రైవరు వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం పరీక్ష పట్టీ మీద వేసి, చుక్క మందు పోసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయట ఒక్క మనిషి కదల్లేదు. కోళ్లు మాత్రం వాటి మానాన అవి తిరుగుతున్నాయి. కాసేపటికి ఆమె పట్టీని వెలుతురుకు పెట్టి చూసి, కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచింది.

"మలేరియా! మలేరియానే!"

నా ఉద్యోగంలో చాలా సంతోషాలు చూశాను గానీ, మలేరియా వచ్చిందని ఊరు ఊరంతా సంబరపడటం అదొక్కసారే చూశాను. "చలిజరమేనా?" "అవ్, చలిజరమే!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మొదటిరోజు కిసుక్కున నవ్విన ముసలమ్మ చప్పట్లు కొట్టి, "మన జరమే! మన జరమే వచ్చింది భాయ్‌కి!" అంది. గుడ్డికన్నా మెల్ల నయమంటారు కదా, అదన్నమాట. అంతదాకా ఆమడ దూరంలో ఉన్నవాళ్లు బస్సులోకి తోసుకొచ్చారు. ఒకరు నుదురు పట్టి చూశారు, ఒకరు దుప్పటి కప్పారు, ఇంకొకరు గంజి తెచ్చారు. మా డ్రైవరు ఆ వణుకులోనే నావైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. ఆయన కళ్లలో నీళ్లు జ్వరానివి కావు.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. మాత్ర వేస్తే కడుపులో ఆగలేదు, వాంతి. మళ్లీ వేస్తే మళ్లీ వాంతి. కళ్లు పచ్చబడ్డాయి. మధ్యాహ్నానికి మాట తడబడింది. నన్ను పట్టుకుని వాళ్ల తమ్ముడి పేరు పెట్టి పిలిచాడు.

"ఇది చెడ్డ రకం మలేరియా. సూదిమందు పడాలె. ఈ పూటనే దవాఖానాకు పోవాలె. నాతోటి కాదు" అంది ఆశమ్మ.

టాపు ఎక్కి అంబులెన్సుకు ఫోను చేశాను. పక్క ఊరి దగ్గర దుంగలు అడ్డం వేశారు, అక్కడిదాకా తెస్తే తప్ప మేం రాలేం, అదీ ఎప్పటికి రాగలమో చెప్పలేం అన్నారు. మంచం మీద మోసుకెళ్దామంటే ఆ ఎండకు మనిషి నిలవడు. కళ్లెదుట ఇంత పెద్ద బస్సు ఉంది. బస్సుకు ముందు తాడు ఉంది.

అందరూ పెద్దాయన వైపు చూశారు. విప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. అది ఆయన తాతల కట్టుబాటు. విప్పాక ఊళ్లో ఏ పసిపిల్లకు ఏం జరిగినా ఆ ఉసురు ఆయనకే తగులుతుంది. విప్పకపోతే నా డ్రైవరు దక్కడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అనే మాట ఎన్నోసార్లు వాడాను, అది ఒక మనిషి ముఖంలో కనపడటం అప్పుడే చూశాను.

ఆయన లేచి బస్సు చుట్టూ ఒకసారి తిరిగాడు. రేకు మీద చెయ్యి ఆనించుకుంటూ, ఎద్దును కొనేముందు చూసినట్టు చూశాడు.

"ఈ బండి మన ఊళ్లె ఎన్నేండ్ల సంది పండుకుంటాంది?" అన్నాడు.

"మస్తు ఏండ్లాయె" అన్నారు ఎవరో.

"మన ఊళ్లె పండుకునేది మన ఊరిదే గద." అంతే. ఆ తర్వాత ఆయన చేసిన పనికి ఏ కోర్టులో ప్లీడరూ సరిపోడు. తాడును రెండు చెట్ల నుంచి విప్పించి, నేలకు తగలకుండా పదిమంది చేత మోయించి, వేపమండలతో సహా మా బస్సు చుట్టూ కట్టించాడు. బస్సు వెళ్లగానే దారికి ఇంకో తాడు కట్టమని ఆడవాళ్లకు చెప్పాడు. "ఇప్పుడు గీ బస్సు కూడా ఊరే. తాడు లోపట కూసున్నోళ్లు ఊరు దాటినట్టు గాదు. కాలు కింద పెట్టొద్దు, గంతే" అని తానూ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. పాము చావకుండా కర్ర విరగకుండా అంటే ఇదే.

నడిపేదెవరు? నాకు టిక్కెట్లు కొట్టడం వచ్చు, గేరు మార్చడం రాదు. అప్పుడు ట్రాక్టరు యువకుడు వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఎవరి ముఖమూ చూడకుండా, "నేను నడుపుత" అన్నాడు. రూలు ప్రకారం కొరివితో తల గోక్కోవడమే. తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

డ్రైవరును పక్కనున్న పొడుగు సీటు మీద పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు మొదటి రెండుసార్లు కుప్పిగంతులు వేసి ఆగిపోయింది. మగతలో ఉన్న మనిషి ఆ చప్పుడుకు కళ్లు తెరిచాడు. "గేరు గట్టిగ గుంజకు బేటా... అది ట్రాక్టర్ గాదు, అలుగుతది. మెల్లగ... ఆఁ, గట్ల" అన్నాడు. మూడోసారి బస్సు కదిలింది. దారి పొడవునా అంతే. మాట తడబడుతున్నా గేరు మాట మాత్రం తడబడలేదు. గుంత వచ్చేముందే ఒంటికి తెలిసిపోయినట్టు "బ్రేకు" అనేవాడు, కళ్లు మూసుకునే. ఆ అబ్బాయి "అవ్ భాయ్ సారూ, అవ్" అంటూ చెమటలు కక్కుతూ నడిపాడు.

పక్క ఊరి దగ్గర దుంగలు, వాటి మీద కర్రలు పట్టుకున్న మనుషులు. బస్సును చూడగానే లేచి అరిచారు. దగ్గరికొచ్చాక తాడు చూసి ఆగిపోయారు. వాళ్ల పెద్దమనిషీ మా పెద్దాయనా కిటికీ ఇటూ అటూ నిలిచి వాళ్ల భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. నాకు ముక్క అర్థం కాలేదు. కానీ దుంగలు జరిగాయి. ఒకతను వేపకొమ్మ విరిచి మా బానెట్ మీద పెట్టి దండం పెట్టాడు.

చర్ల పొలిమేరలో పోలీసు గేటు. కానిస్టేబుల్ లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "లాక్‌డౌన్ల బస్సేందయ్యా? నడిపేటోడెవడు? ఈ మండలేంది, తాడేంది?"

"పేషెంటు సార్" అన్నాను.

"గది సరే. ఇదేందని అడుగుతున్న."

"ఊరు" అన్నాడు మా పెద్దాయన కిటికీలోంచి.

"ఏందీ?"

"మా ఊరు సారూ. లోపట ఉన్నం మేము."

"నువ్వు కిందికి దిగి మాట్లాడు."

"దిగ. దిగితే ఊరు దాటినట్టయితది. దాటొద్దని మీరే చెప్పిండ్రు గద."

కానిస్టేబుల్ మాస్కు కిందికి లాగి గడ్డం గోక్కున్నాడు. పొడుగు సీటు మీద మనిషిని చూశాడు, తాడును ఇంకోసారి చూశాడు. "బండ్లను ఆపమన్నరు గని, ఊర్లను ఆపమని నాకు ఆర్డరు రాలే. జల్దీ పోండ్రి" అని గేటు ఎత్తాడు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

చర్ల దవాఖానాలో వెంటనే సూదిమందు వేసి, సెలైను పెట్టి, అంబులెన్సులో భద్రాచలం పంపిస్తామన్నారు. స్ట్రెచర్ మీద దించుతుంటే ట్రాక్టరు యువకుడు స్టీరింగ్ ముందు నుంచి లేవకుండా, "భాయ్ సారూ, గేరు ఇరగ్గొట్టలే, చూస్కో" అన్నాడు. మా డ్రైవరు చెయ్యి ఎత్తాడు, అతని వైపే ఎత్తాడు. క్షమాపణ అడగడం, క్షమించడం ఇంతకన్నా పెద్ద మాటలతో నేను ఎక్కడా వినలేదు.

ఆయనతో వెళ్లడానికి నేను బస్సు దిగాను. కాలు నేలకు ఆనాక గుర్తొచ్చింది, తాడు దాటేశానని. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన కిటికీలోంచి చూస్తున్నాడు. కోపం లేదు. "పో తమ్మి. భాయ్‌ని తీస్కరా" అన్నాడు. జాగ్రత్త అనలేదు, వెళ్లిరా అనలేదు. తీసుకురమ్మన్నాడు.

బస్సును ఠాణా ఆవరణలో పెట్టించారు. అంబులెన్సు కదిలినప్పుడు వెనక అద్దంలోంచి చూశాను. పెద్దాయనా ట్రాక్టరు యువకుడూ బస్సుకున్న తాడు విప్పి, తమ ఇద్దరి చుట్టూ చుట్టుకుని, ముడివేసుకుని, ఆ తాడు లోపల ముందొకరూ వెనకొకరూ ఊరివైపు నడిచి పోతున్నారు. మండుటెండ. అంత దూరం అలాగే నడిచారని తర్వాత తెలిసింది.

డ్రైవరు బతికాడు. కొన్నాళ్లు భద్రాచలంలో, ఆ తర్వాత ఖమ్మంలో ఇంటిదగ్గర, వాళ్లావిడ తిట్లు తింటూ, తాతలు కుట్టిన పరుపు మీద. మాట తిరిగి వచ్చిందని ఆమె నాకు ఫోను చేసి మొత్తుకుంది. మాకు అంతకన్నా మంచి వార్త లేదు.

ఎండాకాలం చివర బస్సులు మళ్లీ తిరగొచ్చన్నారు. ఆ సర్వీసు మాకే వేయమని ఇద్దరం పెద్దసారు ముందు నిలబడ్డాం. నైట్ హాల్ట్ కావాలని అడిగి వేయించుకున్నవాళ్లు ఆ డిపోలో మేం తప్ప లేరు. "మళ్ల తాడు కడితే?" అన్నారాయన. "కడితే ఉంటం సార్" అన్నాడు మా డ్రైవరు.

దారిలో అన్నీ తెరుచుకున్నాయి. చర్లలో దుకాణాలు తీశారు, పోలీసు గేటు ఎత్తే ఉంది, పక్క ఊరి దుంగలు రోడ్డు పక్కకు పోయాయి. వాగు దాటి పైకెక్కితే, దారికి అడ్డంగా తాడు ఉంది.

పాత మండలు ఎండి రాలిపోతుంటే కొత్తవి గుచ్చుతూ వచ్చినట్టున్నారు, సగం గోధుమరంగు, సగం పచ్చ. తాడుకు ఇవతల బీడీలు చుట్టే తునికాకు కట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆకు కొనే ఏజెంటు ఒకడు గొడుగు కింద కూర్చుని విసుక్కుంటున్నాడు. "అన్ని ఊర్లు తాళ్లు ఇప్పినయ్. వీళ్లొక్కలే ఇప్పలే. కల్లం లోపట ఉంటే కట్టలన్నీ ఈడిదాక మోసుకొచ్చి ఇస్తున్నరు. అడిగితే చెప్పరు" అన్నాడు. అవతల ఆడవాళ్లు నెత్తిన కట్టలతో ఆ ఎండలో నడిచి వస్తున్నారు.

మా బస్సు చప్పుడు విని పెద్దాయన వచ్చాడు. వెనకాలే ట్రాక్టరు యువకుడు, ఆశమ్మ, ముసలమ్మ. తాడు దగ్గర నిలబడి ముందు డ్రైవరు సీటు వైపు చూశాడు. చూసి, తల ఊపాడు.

"అందరు ఇప్పిండ్రు గద పెద్దయ్యా. మీరెందుకు ఇప్పలే?" అని అడిగాను.

నేను అడగకూడనిది అడిగినట్టు చూశాడు. "ఎట్ల ఇప్పుతం తమ్మి? మనోళ్లు ఇద్దరు బయట ఉన్నరు గద."

మా డ్రైవరు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని నేరుగా ముందుకే చూస్తున్నాడు. ఖాకీ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

పెద్దాయన మద్దిచెట్టు దగ్గరి ముడి విప్పాడు. యువకుడు తునికిచెట్టు దగ్గరిది విప్పాడు. దారి తెరుచుకుంది. బస్సు కదలాలంటే నేను ఒక్క మాట అనాలి, ఉద్యోగమంతా అన్న మాటే అది. డ్రైవరు దానికోసం చూస్తున్నాడు. నేను విప్పిన తాడునే చూస్తూ నిలబడ్డాను.

పెద్దాయన ఫుట్‌బోర్డు ఎక్కి, నావైపు ఒకసారి చూసి, అరచేత్తో బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్, రైట్!" అన్నాడు.